రొయ్యల గ్రూపుల్లో ఎగతాళి ఖరీదు

నవంబర్ వానల్లో నెల్లూరు జిల్లా ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్లకు రాత్రి కునుకు పట్టదు. ముసురు పట్టి ఎండ లేకపోతే నీళ్లలోని ప్లాంక్టన్ (కంటికి ఆనని నాచు) పగలు తయారు చేసే ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. రాత్రయ్యాక అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున ఉన్న మడ్డి అన్నీ కలిసి ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ వాడేసుకుంటాయి. తెల్లవారుజాముకల్లా డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉండాల్సింది 3 లోపుకు దిగితే రొయ్యలు పైకి తేలి గట్టు వారకు చేరతాయి. ఆ వేళప్పుడు టెక్నీషియన్ ఫోన్ ఎత్తితే అదృష్టమే. ఎత్తకపోతే మిగిలేది వాట్సాప్ గ్రూపు.

అక్కడ పడే మెసేజ్ ఎప్పుడూ ఇంచుమించు ఒకటే. "రొయ్యలు తేలుతున్నాయి అన్నా, ఏం వెయ్యాలి?" దాని కింద మొదట ఒకరు పద్ధతిగా అడుగుతారు: ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఎన్ని తిరుగుతున్నాయి, డీఓ ఎంత చూపిస్తోంది అని. రెండోవాడు "ముందు వల వెయ్యి, తర్వాత మందు వెయ్యి" అని నవ్వు బొమ్మలు పెడతాడు. మూడోవాడు "డీఓ మీటర్ కొనలేనోడికి వనామీ ఎందుకు సామీ" అంటాడు, వనామీ అంటే ఇక్కడ పెంచే రొయ్య రకం. దానికి నలుగురు చప్పట్లు. ఇంకొకరు ఆ నలుగురినీ మందలిస్తారు, వాళ్లు ఈయన మీదికి తిరుగుతారు. ఈలోగా మందుల కంపెనీ మనిషి ఒకరు డబ్బా ఫొటో పెట్టి నంబర్ ఇస్తాడు. అరగంట తర్వాత చూస్తే అడిగిన మనిషి తన మెసేజ్ తీసేసి ఉంటాడు.

ఇందులో దెబ్బ తిన్నది ఎవరు అంటే, మాట పడ్డ రైతే అని చప్పున చెప్పేస్తాం. ఆయన నొచ్చుకున్న మాట నిజమే. కానీ ఆయన అడిగాడు, మొదటి మనిషి దగ్గర పనికొచ్చే సమాధానం కూడా ఆయనకు దొరికి ఉండొచ్చు. పెద్ద నష్టం వేరేవాళ్లది. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు, వాళ్లలో నోరు విప్పేది కొద్దిమందే. మిగతా అందరూ చదువుతారు. తన గుంటలోనూ అదే బాధ ఉండి, ఈ తంతు చూసి, అడుగుదామనుకున్న మాట మింగేసి ఫోన్ పక్కన పెట్టే మనిషి ఏ లెక్కలోకీ రాడు. ట్రోలింగ్ నష్టాన్ని తిట్ల సంఖ్యతో కొలిస్తే ఈ మనిషి ఎప్పటికీ కనిపించడు. టెక్నికల్ గ్రూపుల్లో మర్యాద గురించి మాట్లాడాల్సి వస్తే ఇతని దగ్గరే మొదలుపెట్టాలి.

సాఫ్ట్‌వేర్ వాళ్ల గ్రూపులో ఒక ప్రశ్న రాకుండా ఆగిపోతే ఒకడి ప్రోగ్రాం ఒక రోజు ఆలస్యమవుతుంది. రొయ్యల్లో అలా కాదు. నెల్లూరు, ప్రకాశం తీరంలో చాలా గుంటలకు నీళ్లు ఉప్పుటేర్ల నుంచో బకింగ్‌హాం కాలువ నుంచో వస్తాయి, వాడిన నీళ్లు మళ్లీ అక్కడికే పోతాయి. ఒకరు వదిలిన నీరే ఇంకొకరి మోటారు తోడుకుంటుంది. వైట్‌స్పాట్ (తెల్లమచ్చల జబ్బు) వైరస్ నీళ్ల ద్వారా, పీతల ద్వారా పాకుతుంది. దానికి మందు లేదు. గుంటలో తెల్లమచ్చలు కనపడ్డ రైతు ఆ సంగతి బయటపెడితే పక్కవాళ్లు కొన్నాళ్లు నీళ్లు తోడకుండా ఆగుతారు, ఆయన కూడా బ్లీచింగ్ కొట్టకుండా నీళ్లు వదలకూడదని నలుగురూ చెబుతారు. నవ్వులపాలవుతానని దాచుకుంటే రాత్రికి రాత్రి తూము ఎత్తి ఆ నీళ్లు కాలువలోకి వదిలేస్తాడు. 1994-95లో టైగర్ రొయ్యను వైట్‌స్పాట్ తుడిచిపెట్టినప్పుడు చేతుల్లో ఫోన్లు లేవు; ఏ గుంటలో ఏం జరుగుతోందో తెలిసేసరికి కాలువ పొడుగునా పాకిపోయింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక సాగు మళ్లీ పుంజుకుంది, ఫోన్లూ వచ్చాయి. కబురు వేగంగా చేరే దారి ఉంది. ఆ దారిలో నిలబడి వచ్చేవాళ్లను ఎగతాళి చేసేవాళ్లూ తయారయ్యారు.

రైతు దాచుకోవడానికి ఎగతాళి ఒక్కటే కారణం కాదని ఒప్పుకోవాలి. గ్రూపులో మేత డీలరు ఉంటాడు, సరుకు కొనే ఏజెంటు ఉంటాడు. మేత అప్పు మీద వస్తుంది. ఫలానా వాళ్ల గుంటలో జబ్బు అని తెలిస్తే డీలరు అప్పు ఆపేస్తాడేమోనన్న భయం, తొందరపడి రొయ్యలు పట్టేస్తున్నాడని కనిపెట్టి ఏజెంటు కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో దాన్నిబట్టి ఇచ్చే ధర) కోస్తాడన్న భయం. ఇవి ఉట్టి భయాలు కావు. ఇంత బరువు మోసుకుంటూ కూడా ఒక మనిషి అడగడానికి ముందుకొచ్చాడంటే, ఆ మాత్రం ధైర్యాన్ని ఒక నవ్వు బొమ్మ తుంచేయగలదు.

మరి ఆ నవ్వే మనిషి ఎవరు? ట్రోల్ అనగానే పనీపాటా లేని ఆకతాయి, పేరు మార్చుకుని తిరిగేవాడు అనే బొమ్మ కళ్ల ముందు మెదులుతుంది. అలాంటివాళ్లు ఉన్నారు, కానీ తక్కువ. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ బొమ్మను చెరిపేసింది. వాళ్లు మామూలు మనుషుల్లో కొందరికి తేలిక పరీక్ష, కొందరికి కావాలని కఠినమైన పరీక్ష పెట్టి మూడ్ మార్చారు. ఆ తర్వాత ఒక వార్త మీద వ్యాఖ్య రాయమన్నారు. కొందరికి పైన అప్పటికే వెటకారపు వ్యాఖ్యలు కనపడేట్టు, కొందరికి మంచి వ్యాఖ్యలు కనపడేట్టు చేశారు. మూడ్ బాగుండి, పైన మంచి మాటలు చూసినవాళ్లు రాసినవాటిలో సుమారు 35 శాతం ట్రోలింగ్ కిందికి వచ్చాయి. మూడ్ చెడి, పైన వెటకారం చూసినవాళ్లలో అది 68 శాతం దాకా పోయింది. మనుషులు ఒకే రకం. కాసేపట్లో పరిస్థితి మారింది, అంతే.

ఈ లెక్కను రొయ్యల గ్రూపుకు అన్వయిస్తే చాలా సంగతులు తేటపడతాయి. రేటు పడిపోయిన రోజు, కరెంటు పోయి డీజిల్ తగలేసిన రాత్రి, పంట పోయిన వారం... మూడ్ చెడడానికి ఇక్కడ ఎవరూ పరీక్ష పెట్టక్కర్లేదు. ఇవాళ ఎగతాళి చేసినవాడు పోయిన నెల తెల్లవారుజామున ఇంకొకరి గుంటను ఫోన్లోనే కాపాడినవాడై ఉండొచ్చు. కాబట్టి ప్రతి పెడసరం మాటకూ ట్రోల్ అని ముద్ర వేసి గ్రూపు నుంచి గెంటేయడం తెలివి కాదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, మొదటి వెటకారం మీద ఏం జరుగుతుందన్నది. అది అక్కడే ఉంటే తర్వాతి పది మందికి దారి చూపిస్తుంది. అయిదు నిమిషాల్లో దాన్ని తీసేస్తే తర్వాత వచ్చేవాళ్ల కంట పడేది మొదటి మనిషి అడిగిన పద్ధతైన ప్రశ్నే. 2022 నుంచి వాట్సాప్‌లో అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనపడకుండా తీసేయగలడు. మనిషిని తీసేయడం కంటే మాటను తీసేయడం నయం. ఒక్కసారి విడిగా ఫోన్ చేసి "ఏందన్నా, పంట పోయేట్టున్నోడితో ఆ మాటలేంది" అంటే చాలామంది తగ్గుతారు. పదిమందిలో మందలిస్తే మాత్రం తగ్గరు. పరువు సంగతి అయిపోతుంది, పార్టీ, కులం బయటికొస్తాయి, డీఓ మాట అందరూ మర్చిపోతారు. ఇంటర్నెట్ వాదన ముదిరితే ఎవరో ఒకరు హిట్లర్‌ను తెస్తారని 1990లో మైక్ గాడ్విన్ అనే అమెరికన్ అన్నాడు. మన దగ్గర హిట్లర్ దాకా పోనక్కర్లేదు, ఎమ్మెల్యే చాలు.

పెడసరానికి ఇంకో మూలం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు: బాగా తెలిసినవాడి విసుగు. ముప్పై పంటలు తీసిన రైతుకు, రోజూ పది గుంటలు తిరిగే టెక్నీషియన్‌కు అదే ప్రశ్న నూరోసారి వినాలంటే ఒళ్లు మండుతుంది. "పని తెలిసినోడు కాబట్టి ఒక మాట అంటాడు, పడాలి" అని చుట్టూ ఉన్నవాళ్లు సర్దిచెబుతారు. సాఫ్ట్‌వేర్ లోకం ఈ సర్దుబాటును ఏళ్ల తరబడి చూసింది. లినక్స్ అనే, కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తప్పు చేసినవాళ్లను బహిరంగంగా ఘోరంగా తిట్టడంలో పేరుమోసినవాడు. ఆయన కోపమే ఆ ప్రాజెక్టు నాణ్యతను కాపాడుతోందని అభిమానులు వెనకేసుకొచ్చేవాళ్లు. 2018 సెప్టెంబర్‌లో ఆయనే తన తీరుకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. అదే సమయంలో లినక్స్ ప్రాజెక్టుకు ప్రవర్తనా నియమావళి వచ్చింది. ఆ తర్వాత లినక్స్ ఏమీ కూలిపోలేదు. పనితనానికీ నోటి దురుసుకూ ముడి ఉందనే నమ్మకం దురుసు ఉన్నవాళ్లకు సౌకర్యంగా ఉంటుంది తప్ప దానికి ఆధారం లేదు.

అయితే విసుగు పుట్టించే ప్రశ్నలు ఉన్నాయన్నదీ నిజమే. "ఏం వెయ్యాలి?" అన్న ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేరు. దాన్నే ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి: "ఎకరం గుంట, సీడ్ వేసి 62 రోజులు. ఉప్పు 12. రాత్రి పదింటి నుంచి వాన. నాలుగింటికి డీఓ 2.8, పీహెచ్ 7.4. ఏరేటర్లు నాలుగు, రెండే తిరుగుతున్నాయి. సాయంత్రం మేత మామూలుగానే వేశాం, చెక్ ట్రేలో మిగిలింది." (సీడ్ అంటే రొయ్య పిల్లలు, చెక్ ట్రే అంటే మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం.) ఇది చదివినవాడికి సగం సమాధానం అందులోనే దొరుకుతుంది. మేత ఆపు, ఆగిపోయిన ఏరేటర్ల సంగతి చూడు, పైన తేలిన వాన నీళ్లు వదులు, చేతిలో ఉంటే ఆక్సిజన్ గుళికలు చల్లు. వెటకారం చేయడానికి కూడా ఇందులో సందు తక్కువ. మూడు నిమిషాల వాయిస్ మెసేజ్‌లో ఇవే వివరాలు చెప్పొచ్చు గానీ, అంతా వినే ఓపిక ఆ వేళ ఎవరికీ ఉండదు. పైగా రేపు వెతుక్కుంటే దొరకదు. రాయడం రాని రైతు ఉంటే ఇంట్లో పిల్లలు రాసి పెట్టొచ్చు. లేదా గ్రూపు వివరణలో ఈ ఖాళీలను ముందే పెట్టి ఉంచితే నింపి పంపడమే పని.

ఇక్కడ పడమటి దేశాల నుంచి వచ్చిన నెట్ మర్యాదలను ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం కుదరదు. 1995 అక్టోబర్‌లో ఇంటర్నెట్ ఇంజనీర్లు ఆర్ఎఫ్‌సీ 1855 పేరుతో మర్యాదల పత్రం ఒకటి విడుదల చేశారు. ఇప్పటికీ చదవదగ్గదే. రెచ్చగొట్టినా మండిపడుతూ జవాబు రాయొద్దు, ఎవరైనా మీ మీద మండిపడితే స్పందించకపోవడమే మేలు అని అందులో ఉంది. కొత్తవాళ్లు ఏదైనా రాసే ముందు ఒకటి రెండు నెలలు ఊరికే చదవండి అని కూడా ఉంది. యూనివర్సిటీల్లో తీరిగ్గా చర్చించుకునేవాళ్లకు ఆ సలహా సరిపోయింది. 120 రోజుల పంటలో రెండు నెలలు ఊరికే చదువుతూ కూర్చుంటే పంట సగం అయిపోతుంది. మొదటి రోజే, మొదటి మెసేజ్‌తోనే అడిగే హక్కు ఇక్కడి రైతుకు ఉండాలి. ప్రశ్న సరిగా లేకపోతే ఏ వివరం కావాలో తిరిగి అడగడం చెప్పేవాడి పని. "డీఓ ఎంత?" అనే రెండు మాటలకు పట్టే టైమూ, "వనామీ ఎందుకు సామీ" అనడానికి పట్టే టైమూ ఒకటే.

ట్రోల్‌ను పట్టించుకోవద్దు, వాడే పోతాడు అనే సలహా అందరికీ కంఠతా వచ్చు. టెక్నికల్ గ్రూపులో అది సగమే పనిచేస్తుంది. ఎగతాళి వరకైతే పట్టించుకోకపోవడమే మందు. కానీ ఎవరో ఒకరు నవ్వుతాలుకో, పొగరుతోనో, అమ్ముకోవడానికో "యాంటీబయాటిక్ కలిపి మేత వెయ్యి, వైట్‌స్పాట్ పోతుంది" అని రాశారనుకోండి. అక్కడ ఊరుకుంటే ఆ మాటే సలహాగా నిలిచిపోతుంది. రాత్రి నిద్రలేని రైతు దాన్ని నమ్మేస్తాడు. వైట్‌స్పాట్ వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ దాన్ని తాకదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి రొయ్యల సాగులో నిషేధం. సరుకులో అవశేషం దొరికితే యూరప్ రేవుల్లో కంటైనర్ తిప్పి పంపుతారు, ఆ చెడ్డపేరు ఒక్క గుంటతో పోదు. కాబట్టి మాటను సరిదిద్దాలి, మనిషిని వదిలేయాలి. అంటే జవాబు తప్పు చెప్పినవాడికి కాకుండా అడిగినవాడికి రాయాలి. "ఇది వైరస్ అండీ, యాంటీబయాటిక్ పనిచేయదు, పైగా నిషేధం. ముందు పీసీఆర్ టెస్టు చేయించండి. నీళ్లు మాత్రం కాలవలోకి వదలకండి." ఒక్కసారి రాస్తే చాలు. తప్పు చెప్పినవాడు రెట్టించి నాలుగు మెసేజ్‌లు పెట్టినా మళ్లీ రాయక్కర్లేదు. చదివేవాళ్ల ముందు ఇప్పుడు రెండు మాటలూ ఉన్నాయి, కారణం చెప్పింది ఒకటే.

అన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైన రకం ఇంకొకటి ఉంది. నోరు పారేసుకోదు, మర్యాదగానే ఉంటుంది, చూసుకునేది మాత్రం సొంత పనే. ఇలాంటిది ఎంత దూరం పోగలదో 2024 మార్చిలో ప్రపంచం చూసింది. ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ లినక్స్ కంప్యూటర్లు దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది, దాన్ని లాసే కాలిన్ అనే ఒక్క మనిషి జీతం లేకుండా చూసుకునేవాడు. 2022లో కొన్ని కొత్త పేర్లు ఆయన మీద విసుర్లు మొదలుపెట్టాయి: పని ఆలస్యమవుతోంది, మీకు ఆసక్తి పోయింది, ఇంకొకరికి అప్పగించండి అని. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని ఆయన చెప్పుకున్నా సాధింపు ఆగలేదు. అదే సమయంలో జియా టాన్ పేరుతో ఒకరు ఎంతో వినయంగా సాయం చేస్తూ వచ్చి చివరికి తాళాలు అందుకున్నారు. రెండేళ్ల తర్వాత ఆ చేతుల మీదుగానే సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి చేరింది. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ ఆరా తీయబట్టి మార్చి 29న అది బయటపడింది. ఆ సాధింపు పేర్లన్నీ ఒక పన్నాగంలో భాగమేనని ఇప్పుడు చాలామంది నిపుణుల అభిప్రాయం.

మన గ్రూపుల్లో ఇంత పెద్ద కుట్రలు ఉండవు. వరస మాత్రం ఒకటే. ఒక పేరు రైతును గాభరా పెడుతుంది, "ఇది ఈహెచ్‌పీ లాగుంది, పంట పోయినట్టే" అని. ఈహెచ్‌పీ అంటే రొయ్యలను ఎదగనివ్వని ఒక జబ్బు. ఇంకో పేరు ఓదార్చి ఒక డబ్బా పేరు చెబుతుంది. ఈహెచ్‌పీ ఉందో లేదో ఫొటో చూసి తేల్చలేరు, దానికి పీసీఆర్ ఉండాలి. ఉందని తేలినా దాన్ని పోగొట్టే మందు ఇప్పటికైతే లేదు. టెస్టు అడగకుండానే భయపెట్టేవాడినీ, వెంటనే మందు చెప్పేవాడినీ కలిపి చూడడం అడ్మిన్ పని. అమ్మకం తప్పు కాదు. నేను ఫలానా కంపెనీ మనిషిని అని ముందే చెప్పి మాట్లాడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి కాబట్టి ప్రశ్న పెట్టిన గంటలో రైతుకు నలుగురు అమ్మేవాళ్ల ఫోన్లు వస్తాయి. అది కూడా వేధింపే, గ్రూపులో ఎవరికీ కనపడదు గనక దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. జబ్బుల ప్రశ్నలు అడ్మిన్‌కు విడిగా పంపితే పేరు, ఊరు తీసేసి ఆయనే గ్రూపులో పెట్టే పద్ధతి దీనికి బాగా అక్కరకొస్తుంది. డీలరు భయం, ఏజెంటు భయం, నవ్వుతారన్న భయం మూడూ ఒక్క దెబ్బకు తగ్గుతాయి.

చట్టం గురించి కొంత గందరగోళం ఉంది. సోషల్ మీడియాలో బాధ కలిగించే మాట రాస్తే కేసు పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఎగతాళికి పోలీసుల దగ్గరికి పరిగెత్తడం వల్ల ఉపయోగం లేదు. చంపుతామని, పరువు తీస్తామని బెదిరిస్తే మాత్రం భారతీయ న్యాయ సంహిత 351 సెక్షన్, పరువు నష్టానికి 356 ఉన్నాయి. మెసేజ్ తీసేయకముందే తేదీ, నంబర్ కనపడేట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. గ్రూపులో ఎవరో రాసినదానికి అడ్మిన్ జైలుకు పోతాడనే పుకారు తరచూ తిరుగుతుంది. ఇతరుల పోస్టుకు అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఆ భయంతో గ్రూపుకే తాళం వేసి అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టేవాళ్లు, ట్రోల్ చేయాలనుకున్న పనిని తామే పూర్తి చేస్తున్నారు.

అడిగినవాళ్ల వైపు నుంచి ఒక బాకీ మిగిలి ఉంటుంది, అది దాదాపు ఎవరూ తీర్చరు. తెల్లవారుజామున సాయం అడిగిన రైతు మూడో రోజు వచ్చి ఏమైందో చెప్పడు. తేరుకున్నాయా, ఎన్ని చచ్చాయి, చెప్పినవాటిలో ఏది చేశాడు, ఏది పనిచేయలేదు. సమాధానం రాసినవాళ్లకు తమ మాట ఫలించిందో లేదో తెలియకపోతే రెండోసారి నిద్ర మానుకుని రాయబుద్ధి కాదు. విసుగు మొదలయ్యేది తరచూ అక్కడే. పంట పోయినా సరే వచ్చి చెప్పడం వల్ల ఇంకో ఉపయోగం ఉంది. "రెండు ఏరేటర్లు బాగుచేసి, మేత రెండు పూటలు ఆపితే సాయంత్రానికి డీఓ 4.5కి వచ్చింది" అన్న ఒక్క వాక్యం ప్రశ్న కిందే ఉంటే, వచ్చే ఏడాది వానల్లో అల్లూరులో ఇంకొకరు వాట్సాప్‌లో డీఓ అని వెతికినప్పుడు ప్రశ్న, సమాధానం, ఫలితం మూడూ ఒకచోట దొరుకుతాయి. ఎవరినీ నిద్ర లేపక్కర్లేదు.